చిన్న కాళ్ళు, పెద్ద కాళ్ళు, న్యూరెంబర్గ్ క్రిస్మస్ సంత: కుటుంబంతో వెళ్ళేవారికి సమగ్ర మార్గదర్శి

మా అమ్మానాన్నలు తెనాలి నుంచి మొదటిసారి మా దగ్గరికి వచ్చిన డిసెంబరులో వాళ్ళను జర్మనీలోని న్యూరెంబర్గ్ క్రిస్మస్ సంతకు శనివారం సాయంత్రం ఆరింటికి తీసుకెళ్ళాను. దీపాలన్నీ వెలిగే వేళ, అప్పుడే అందమంతా అనుకున్నాను. కొట్ల మధ్యకు చేరాక ముందుకు పోలేం, వెనక్కి రాలేం. అమ్మకు కనిపించినవల్లా ముందువాళ్ళ కోట్ల వీపులు. ఆరేళ్ళ మా పాపకు అవి కూడా కనిపించలేదు. నాన్న మోకాలు పట్టుకుని ఒక గోడకు ఆనుకుని నిలబడిపోయారు. నలభై నిమిషాల్లో తిరుగు రైలెక్కేశాం.

మూడు రోజులు ఆగి, మంగళవారం ఉదయం పదింటికి మళ్ళీ వెళ్ళాం. కొట్లవాళ్ళు అప్పుడే గుడ్డ తెరలు పైకి చుడుతున్నారు. ఎండు ప్లమ్ పళ్ళతో చేసిన బొమ్మల కొట్టు ముందు నాన్న పావుగంట నిలబడి, బొమ్మ ముక్కు దేనితో చేశారో చేతిసైగలతో అడిగి తెలుసుకున్నారు. "మొన్న మనం వచ్చింది ఇక్కడికేనా అమ్మా?" అన్నారు నాతో.

ఆ తర్వాత ఏటా ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. అత్తయ్యా మామయ్యా, పిన్నీ వాళ్ళు, పసిపిల్లలతో స్నేహితులు. మేముండేది ఎర్లాంగెన్‌లో, న్యూరెంబర్గ్‌కు రైల్లో 20 నిమిషాల దూరం. ఇన్నిసార్లు తిప్పాక నాకు గట్టిగా తెలిసింది ఒకటే. ఇంట్లో అందరికంటే చిన్న కాళ్ళు ఎవరివో, అందరికంటే పెద్ద కాళ్ళు ఎవరివో చూసుకుని, వాళ్ళ ఓపికను బట్టి ప్రయాణం అమర్చుకోవాలి. సంతను ఒకే పెద్ద చుట్టుగా కాకుండా రెండు చిన్న చుట్లుగా చూడాలి, మధ్యలో వెచ్చటి గది ఉండాలి. కింద చెప్పేవన్నీ దాన్ని పట్టుకునే చెబుతున్నాను.

మొదటి అడుగు: తేదీ ఖాయం చేసుకోవడం

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను అడ్వెంట్ అంటారు. మొదటి అడ్వెంట్ ఆదివారానికి ముందటి శుక్రవారం ఈ సంత మొదలవుతుంది. 2026లో అది నవంబరు 27. డిసెంబరు 24 మధ్యాహ్నం రెండింటికి ముగుస్తుంది. మామూలు రోజుల్లో ఉదయం 10 నుంచి రాత్రి 9 దాకా కొట్లు తెరిచి ఉంటాయి.

ఇక్కడే మనవాళ్ళు చాలామంది పొరబడతారు. క్రిస్మస్ సంత కదా, క్రిస్మస్ నాడు ఉంటుందనుకుని 24న దిగేలా టికెట్లు కొంటారు. 25న సంత జరిగే హౌప్ట్‌మార్క్ట్ చౌకులో మీకు కనిపించేవి మూసేసిన కొట్లే. పైగా 25, 26 రెండూ జర్మనీలో సెలవులే. 24 మధ్యాహ్నానికే దుకాణాలు మూతపడతాయి. మామూలు వారాల్లో కూడా ఆదివారం సూపర్ మార్కెట్లు తెరవరు. పెద్ద రైల్వే స్టేషన్లలో ఉన్న కొన్ని దుకాణాలే ఆ రోజుల్లో దిక్కు. పాలు, పెరుగు, కూరగాయలు శనివారమే తెచ్చి పెట్టుకోవాలి.

నా ఓటు డిసెంబరు మొదటి రెండు వారాల్లో సోమవారం నుంచి గురువారం మధ్య ఏవైనా రెండు రోజులకు. ప్రారంభోత్సవం చూడదగ్గదే. ఫ్రావెన్‌కిర్షె చర్చి పైగట్టు మీద నిలబడి, బంగారు కిరీటం, తెలుపూ బంగారు రంగుల బట్టలతో క్రిస్ట్‌కిండ్ సంతను ప్రారంభిస్తుంది. క్రిస్ట్‌కిండ్ అంటే బాల యేసు. ఈ నగరంలో ఆ వేషం ఒక అమ్మాయిది. 1969 నుంచి రెండేళ్ళకొకసారి 16 నుంచి 19 ఏళ్ళ మధ్య నగరపు అమ్మాయిల్లోంచి ఎన్నుకుంటున్నారు. అయితే ఆ సాయంత్రం చౌకులో సూది మోపే చోటుండదు. పసిపిల్లలు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఉంటే దాన్ని టీవీలో చూసి, సంతను మంగళవారం చూడండి. క్రిస్ట్‌కిండ్ ఎలాగూ వారంలో కొన్ని మధ్యాహ్నాలు మూడు గంటల ప్రాంతంలో సంతకు వచ్చి పిల్లలను పలకరిస్తుంది. ఏయే రోజులో ఆ ఏటి కార్యక్రమాల పట్టికలో చూసుకోండి.

రెండో అడుగు: వీసా కాగితాలు

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి, జర్మనీతో సహా చాలా యూరప్ దేశాల్లో చెల్లే షెంగెన్ వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆఖరి గడువు 15 రోజుల ముందు. డిసెంబరు ప్రయాణానికి ఆగస్టు, సెప్టెంబరుల్లోనే అపాయింట్‌మెంట్ పట్టుకోండి. జర్మనీ వీసాకు హైదరాబాద్‌లోనే కాగితాలు ఇవ్వొచ్చు. 2024 జూన్ నుంచి రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళలోపు పిల్లలకు 45, ఆరేళ్ళలోపు పిల్లలకు ఏమీ లేదు. వీసా దరఖాస్తు కేంద్రంవాళ్ళ సేవా రుసుము దీనికి అదనం. 12 ఏళ్ళలోపు పిల్లలకు వీసా వేలిముద్రలు అక్కర్లేదు.

కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. తిరిగి వచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలైనా పాస్‌పోర్టు చెల్లాలి. పిల్లల దరఖాస్తు మీద తల్లీతండ్రీ ఇద్దరి సంతకాలూ కావాలి, జనన ధ్రువపత్రం జతచేయాలి. తల్లిదండ్రుల్లో ఒకరే తీసుకొస్తుంటే రెండోవాళ్ళ సమ్మతి పత్రం సిద్ధంగా ఉంచుకోండి. అమ్మానాన్నలను తమ ఖర్చుతో పిలిపించుకునేవాళ్ళు ఇక్కడి విదేశీయుల కార్యాలయం నుంచి ఖర్చుల పూచీ పత్రం తీసి పంపాలి. దాని అపాయింట్‌మెంటుకే వారాలు పడుతుంది కాబట్టి అన్నిటికంటే ముందు ఆ పని మొదలుపెట్టండి. మా చిన్నాన్న వాళ్ళ విషయంలో నేను దాన్ని ఆఖరుకు వదిలేశాను. వాళ్ళు జనవరిలో వచ్చి ఖాళీ చౌకు చూసి వెళ్ళారు.

మూడో అడుగు: దిగడం, చేరడం

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళకు ఫ్రాంక్‌ఫర్ట్ గానీ మ్యూనిక్ గానీ వీలుగా ఉంటాయి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి న్యూరెంబర్గ్‌కు వేగపు రైలు ఐసీఈలో రెండు గంటల పైచిలుకు, మ్యూనిక్ నుంచి గంటా పది నిమిషాలు. విమానం దిగిన వెంటనే బయల్దేరే రైలుకు టికెట్ కొనకండి. సరిహద్దు తనిఖీలో 2025 అక్టోబరు నుంచి ఫొటో, వేలిముద్రలు తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. వరుస ఎంతసేపు పడుతుందో చెప్పలేం. మూడు గంటలు వదలండి.

మ్యూనిక్ నుంచి వచ్చేవాళ్ళకు, లేదా ఇక్కడి నుంచి బాంబెర్గ్, రోథెన్‌బుర్గ్ లాంటి ఊళ్ళు చూసిరావాలనుకునేవాళ్ళకు బయర్న్ టికెట్ చాలా లాభం. ఒకే టికెట్ మీద ఐదుగురిదాకా ఆ రోజంతా బవేరియా రాష్ట్రంలో తిరగొచ్చు. షరతులు రెండే. పనిరోజుల్లో ఉదయం 9 తర్వాతే ఎక్కాలి, ఐసీఈ లాంటి వేగపు రైళ్ళు ఎక్కకూడదు. టికెట్ మీద పేర్లు రాయడం మరిచిపోవద్దు. తనిఖీకి వచ్చేవాళ్ళు ముందు చూసేది అదే.

నగరంలో తిరగడానికి రోజు టికెట్లలో 'టాగెస్‌టికెట్ ప్లస్' అని ఒకటి ఉంది. ఇద్దరు పెద్దలు, నలుగురు పిల్లలు ఒకే టికెట్ మీద వెళ్ళొచ్చు. శనివారం కొంటే ఆదివారం కూడా చెల్లుతుంది. పిల్లలుంటే మెట్రోలో యూ2 గానీ యూ3 గానీ ఎక్కించండి. ఆ రెండు లైన్లలో డ్రైవరు ఉండడు. ముందు అద్దం దగ్గర నిలబడితే సొరంగం మనమీదికి దూసుకొచ్చినట్టుంటుంది. మా మేనల్లుడికి సంతకంటే అదే ఎక్కువ గుర్తుంది.

నాలుగో అడుగు: బస, వంట

పెద్దవాళ్ళు, పిల్లలు ఉన్నప్పుడు హోటల్ గది కంటే వంటగది ఉన్న అద్దె ఫ్లాట్ మేలు. ఉదయం వేడివేడి ఉప్మా తిని బయల్దేరితే చలికి తట్టుకోవడం తేలిక. రాత్రి చారన్నం దొరుకుతుందన్న ధైర్యంతో అమ్మ పగలంతా సంతోషంగా తిరుగుతుంది. పాత నగరంలోనే దొరికితే మంచిది, ధర ఎక్కువైతే మెట్రో స్టేషన్ పక్కనైనా చాలు. సంత నెలలో వారాంతపు ధరలు బాగా పెరుగుతాయి, కాబట్టి వీసా అపాయింట్‌మెంట్ దొరికిన రోజే, రద్దు చేసుకునే వీలున్న గది పట్టుకోండి.

వంట గురించి ఒక మాట. ఇక్కడి ఇళ్ళలో పైకప్పుకు పొగను పసిగట్టే పరికరం బిగించి ఉంటుంది. మా పిన్ని ఎండుమిర్చి తాలింపు పెట్టగానే అది మోగడం మొదలుపెట్టింది. పసివాడు ఉలిక్కిపడి ఏడుపు, పక్కింటివాళ్ళు తలుపు దగ్గర. తాలింపుకు ముందు కిటికీ బార్లా తెరవండి, నూనె మరీ కాగనివ్వకండి.

పెట్టెలో ఏం పెట్టుకోవచ్చు? కందిపొడి, కారప్పొడి, చింతపండు, మామిడికాయ ఊరగాయ తెచ్చుకోవచ్చు. మాంసం, పాల పదార్థాలు యూరప్‌లోకి తేకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, మటన్ ఊరగాయ లాంటివి ఇంట్లోనే వదిలేయాలి. తాజా కరివేపాకు కూడా తేకూడదు. వెన్న ఇక్కడ చాలా బాగుంటుంది. కాచుకుంటే పది నిమిషాల్లో నెయ్యి.

ఐదో అడుగు: బట్టలు, అన్నిటికంటే ముందు బూట్లు

డిసెంబరులో ఇక్కడ పగలు మూడు నాలుగు డిగ్రీలు, రాత్రికి సున్నా కిందికి. మంచు పడుతుందని నమ్మకం లేదు. ఎక్కువ రోజులు బూడిదరంగు ఆకాశం, సన్నటి తుంపర. ఈ తడి చలి పొడి చలి కంటే బాధిస్తుంది.

ఒక్క లావుపాటి కోటు కొని సరిపెట్టుకోవద్దు. ఒంటికి అంటుకునే థర్మల్, దాని మీద ఉన్ని స్వెట్టరు, పైన గాలీ నీళ్ళూ లోపలికి రానివ్వని జాకెట్, ఇలా మూడు పొరలు కావాలి. ఇక్కడ దుకాణాల్లో, రైళ్ళలో హీటర్లు గట్టిగా వేస్తారు. లోపలికి వెళ్ళగానే పై పొర విప్పాలి, లేదంటే చెమట పట్టి, బయటికి రాగానే ఆ చెమటే చల్లబడి వణికిస్తుంది. పిల్లలకు జలుబు వచ్చేది ఎక్కువగా ఇలాగే అని నా అనుభవం.

చలి పైనుంచి రాదు, కాళ్ళకింద రాళ్ళలోంచి వస్తుంది. ఆ చౌకంతా రాతిపరుపు. అరగంట ఒకచోట నిలబడితే పాదాలు మొద్దుబారతాయి. మడమ దాటి పైకి వచ్చే, నీళ్ళు పట్టని, అడుగున గాళ్ళున్న బూట్లు, ఒక సైజు వదులుగా తీసుకోండి. లోపల లావుపాటి ఉన్ని మేజోళ్ళు పట్టాలి, వేళ్ళు ఆడాలి. బిగుతుగా ఉంటే వెచ్చదనం నిలవదు. పిల్లల చలి బూట్లు ఇక్కడికి వచ్చాక కొన్నా పరవాలేదు, పెద్దవాళ్ళవి మాత్రం ఇంటి దగ్గరే కొని పదిరోజులు తొడిగి నడిచి అలవాటు చేసుకుని రావాలి. కొత్త బూట్లతో రాళ్ళ వీధిలో నడిచి మా మామయ్య మడమ రెండో రోజుకే బొబ్బలెక్కింది.

చీర కట్టుకునే అమ్మలకు: లోపల థర్మల్ లెగ్గింగ్, దానిమీద లంగా, చీర కుచ్చెళ్ళు చీలమండకు నాలుగు వేళ్ళ పైకి ఉండేలా కట్టి పిన్ను పెట్టాలి. అంచు తడిసిందంటే చలి మోకాలిదాకా ఎగబాకుతుంది. పైన మోకాళ్ళు దాటే పొడవు కోటు. మా అమ్మ ఆరు డిసెంబర్లు ఇలాగే తిరిగింది, ఒక్కసారీ చుడీదారు వేసుకోలేదు.

పెదవులకు, బుగ్గలకు వాజ్‌లైన్ రాసి బయల్దేరండి. చలికి ఫోన్ బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి ఫోను లోపలి జేబులో ఉంచండి.

ఆరో అడుగు: సంత రోజు, గంట గంటకు

ఇల్లు వదిలే ముందు చేయాల్సిన పని ఒకటుంది. పిల్లల మణికట్టు మీద బాల్‌పెన్నుతో మీ ఫోన్ నంబరు రాయండి, దేశం కోడుతో సహా. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో ముందే చెప్పండి. మేము ఎప్పుడూ చెప్పేది 'బంగారు గోపురం దగ్గర'. చౌకు మూలన 19 మీటర్ల ఎత్తున, రంగురంగుల బొమ్మలతో చర్చి శిఖరంలా ఉండే పాత నీటి ఊట అది. పేరు షోనర్ బ్రున్నెన్. ఎంత చిన్న పిల్లలకైనా తలెత్తితే కనిపిస్తుంది.

రైల్వే స్టేషన్ నుంచి నడిచే దారి అందమైనది. కోట గోడల పక్కనుంచి లోపలికి వచ్చి, కోయెనిగ్‌ష్ట్రాసె వీధి వెంట లోరెంజ్ చర్చి దాకా, అక్కడి నుంచి పెగ్నిట్జ్ నది మీది వంతెన దాటితే హౌప్ట్‌మార్క్ట్ చౌకు. పావుగంట నడక, పిల్లలతో అరగంట. నడవలేనివాళ్ళు యూ1 మెట్రోలో లోరెంజ్‌కిర్షె దగ్గర దిగితే సగం దారి తప్పుతుంది.

*పదింటికి.* ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పులతో దాదాపు 180 కొట్లు వరసలు తీరి ఉంటాయి. 'చెక్కతో గుడ్డతో కట్టిన చిన్న పట్నం' అని ఈ ఊరివాళ్ళు దీన్ని పిలుచుకుంటారు. పిల్లల తోపుడుబండి తిప్పాలంటే ఈ గంటన్నరే సమయం. ఆ తర్వాత వరసలు ఇరుకవుతాయి, పసివాళ్ళను ఎత్తుకునే సంచిలోకి మార్చాలి. ఒక్కో వరస పూర్తిగా నడవండి, ఏదీ కొనకండి. ధరలు, నచ్చినవి మనసులో పెట్టుకోండి.

ఆగి చూడాల్సిన కొట్టు ఎండు ప్లమ్ పళ్ళ బొమ్మలది. త్స్వెచ్‌గెన్‌మెన్లె అంటారు. తల వాల్‌నట్ కాయ, దానిమీద ముఖం గీస్తారు. ఒళ్ళంతా ఎండబెట్టిన ప్లమ్ పళ్ళు తీగకు గుచ్చి చేస్తారు. ఆ పైన గుడ్డముక్కల బట్టలు, టోపీ. డాక్టరు, రైతు, పొగగొట్టాలు శుభ్రం చేసేవాడు, పెళ్ళికూతురు, ఎవరైనా ఉంటారు. దగ్గరికి వంగి చూస్తే చేతివేళ్ళు, మోకాళ్ళు ఉన్నచోట పండు ముడతలు సరిగ్గా ముసలి చర్మంలా మెరుస్తాయి.

*పదకొండున్నరకు.* షోనర్ బ్రున్నెన్ చుట్టూ ఉన్న ఇనుప కటకటాల్లో అతుకు కనిపించని ఇత్తడి ఉంగరం ఒకటుంది. దాన్ని తిప్పితే అనుకున్నది జరుగుతుందంటారు. కాస్త ఎత్తులో ఉంటుంది, పిల్లలను ఎత్తి పట్టుకోవాలి. నాన్న ఆ ఉంగరాన్ని మూడుసార్లు తిప్పి, ఏం కోరుకున్నారో ఇప్పటికీ చెప్పలేదు.

*పన్నెండుకు.* పది నిమిషాల ముందే ఫ్రావెన్‌కిర్షె వైపు తిరిగి, కొట్ల కప్పులు అడ్డురాకుండా కొంచెం వెనగ్గా నిలబడండి. పన్నెండు కాగానే గడియారంలో బాకాలూదేవాళ్ళు, డోలు కొట్టేవాళ్ళు కదులుతారు. తలుపులోంచి చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురు ప్రభువులు బయటికి వచ్చి మధ్యలో కూర్చున్న చక్రవర్తి నాలుగో కార్ల్ చుట్టూ మూడుసార్లు తిరుగుతారు. చక్రవర్తిని ఎన్నుకునే పద్ధతిని ఖాయం చేసిన 1356 నాటి శాసనానికి గుర్తుగా, 1500ల మొదట్లో అమర్చిన బొమ్మలివి. పిల్లలను భుజాల మీదికి ఎక్కించుకోండి. రెండో చుట్టు నుంచి వాళ్ళే లెక్కపెడతారు.

ఆ చర్చి ముందు నిలబడ్డప్పుడు ఎదిగిన పిల్లలకు ఇంకో సంగతి కూడా చెప్పాలని నేను అనుకుంటాను. ఈ చౌకు ఉన్నచోట అంతకుముందు యూదుల పేట ఉండేది. 1349లో, ఆ చక్రవర్తి అనుమతితోనే, పేటను కూల్చేసి కనీసం 562 మందిని చంపేశారు. వాళ్ళ ప్రార్థనా మందిరం ఉన్న స్థలంలోనే ఈ చర్చి లేచింది. 1945 జనవరి 2న బాంబుల వానలో పాత నగరం చాలావరకు నేలమట్టమైంది. మనం చూస్తున్న గోడల్లో చాలా భాగం మళ్ళీ కట్టినవే. యుద్ధంలో ఆగిపోయిన సంత 1948లో తిరిగి మొదలైంది. ఈ సంత గురించి దొరికిన అతిపాత రాత 1628 నాటి ఒక చిన్న చెక్కపెట్టె అడుగున ఉంది. ఇక్కడి జర్మన్ జాతీయ మ్యూజియంలో దాన్ని దాచారు.

*పన్నెండున్నర నుంచి మూడు దాకా.* వెచ్చటి చోటికి వెళ్ళిపోండి. ఎంత ఉత్సాహంగా ఉన్నా సరే. ఫ్లాట్ దగ్గరైతే ఇంటికెళ్ళి అన్నం తిని పిల్లలను గంట పడుకోబెట్టండి. దూరమైతే నడక దూరంలో బొమ్మల మ్యూజియం ఉంది. న్యూరెంబర్గ్ వందల ఏళ్ళుగా బొమ్మల తయారీకి పేరుపడ్డ ఊరు. రేకు రైళ్ళు, బొమ్మరిళ్ళ లోపలి గిన్నెలు, పొయ్యిలు పిల్లలకంటే అమ్మమ్మలే ఎక్కువసేపు చూస్తారు. సెలవు రోజు కాకుండా చూసుకోండి.

*మూడింటికి.* రెండో చుట్టు. ఈసారి నేరుగా పిల్లల సంతకు, అంటే హాన్స్ జాక్స్ చౌకుకు. పెద్ద సంతకు నాలుగు నిమిషాల నడక. రెండంతస్తుల రంగులరాట్నం, చిన్న జెయింట్ వీల్, ఆవిరి రైలు బొమ్మ ఉంటాయి. పిల్లలు తమ చేత్తో బిస్కెట్లు చేసే, కొవ్వొత్తులు చేసే గుడారాలు కూడా ఉంటాయి. కూర్చోవడానికి చోటు ఇక్కడే కాస్త దొరుకుతుంది.

*నాలుగుంపావుకు.* పొద్దు గుంకుతుంది. జర్మనీ డిసెంబరు మీకిచ్చే వరం ఇదే. దీపాల అందం చూడటానికి రాత్రిదాకా ఆగక్కర్లేదు. నాలుగున్నరకల్లా చీకటి, ఐదున్నర దాటితే ఆఫీసుల జనం. ఈ గంటలో పెద్ద సంతలోకి మళ్ళీ వెళ్ళి, పొద్దున అనుకున్నవి కొనేసి, వేడిగా ఏదైనా తాగి, ఆరింటికల్లా తిరుగుముఖం పట్టండి.

ఏడో అడుగు: ఏం తినాలి, ఎలా అడగాలి

మాంసాహారులకు ఈ ఊరి సాసేజ్ ప్రత్యేకం. చిటికెనవేలంత, 7 నుంచి 9 సెంటీమీటర్లు, 20 నుంచి 25 గ్రాములు. పంది మాంసంతో, మరువం (మార్జోరమ్) ఆకుతో చేసి, నిప్పుల మీద కాల్చి, మూడింటిని గుండ్రటి రొట్టెలో పెట్టి ఇస్తారు. 'ద్రై ఇమ్ వెగ్లా' అని అడగండి, 'బన్నులో మూడు' అని అర్థం. గొడ్డుమాంసం తినని ఇళ్ళవాళ్ళు 'రింట్' అన్న మాట గుర్తుపెట్టుకోవాలి, అది గొడ్డుమాంసం. 'ష్వైన్' అంటే పంది.

శాకాహారులకు వేయించి చక్కెర పాకం పట్టించిన బాదం, కాల్చిన చెస్ట్‌నట్ కాయలు, ఆలుగడ్డ తురుముతో వేసే అట్లు దొరుకుతాయి. ఆ అట్లను ఆపిల్ గుజ్జుతో ఇస్తారు. కొన్నింట్లో గుడ్డు కలుపుతారు. 'ఇస్ట్ దా ఫ్లైష్ ద్రిన్?' అంటే దీన్లో మాంసం ఉందా అని. 'ఫ్లైష్' తీసి 'ఆయ్' పెడితే గుడ్డు ఉందా అని అడిగినట్టు. ఎవరూ విసుక్కోరు, ఓపిగ్గా చెబుతారు.

లేబ్‌కూఖెన్ తినకుండా రావద్దు. తేనె, గింజలు, సుగంధ ద్రవ్యాలతో చేసే మెత్తటి గుండ్రటి రొట్టె. చుట్టూ ఉన్న రాజవనంలో తేనె దండిగా దొరికేది. వెనిస్ మీదుగా మన వైపు నుంచి దాల్చినచెక్క, లవంగాలు, యాలకులు ఈ ఊరి వర్తకుల చేతికి వచ్చేవి. ఆ రెండూ కలిసినచోట ఇది పుట్టింది. అమ్మ ఒకటి విరిచి వాసన చూసి, "ఇందులో మన డబ్బాలోవే ఉన్నాయే!" అంది. మేలురకం పేరు ఎలిజెన్‌లేబ్‌కూఖెన్. పావువంతుకు తగ్గకుండా బాదం, హేజల్‌నట్, వాల్‌నట్ లాంటి గింజలు, పిండి పదోవంతుకు మించకుండా ఉంటేనే ఆ పేరు పెట్టాలి. అడుగున పల్చటి తెల్ల కాగితంలా ఉండేది కాగితం కాదు, తినే అప్పచ్చే. మొదటిసారి మేమందరం దాన్ని ఒలిచి పారేశాం. ఇందులో గుడ్డు ఉంటుంది కాబట్టి తిననివాళ్ళు అడిగి తీసుకోవాలి.

వేడి పానీయాల దగ్గర జాగ్రత్త. గ్లూవైన్ అంటే మసాలా వేసి కాచిన ద్రాక్షసారా. ఈ ఊళ్ళో బ్లూబెర్రీతో చేసే రకం కూడా ఉంది. పిల్లలకు 'కిండర్‌పున్ష్' అని వేడి పళ్ళరసం ఉంటుంది. రెండింటి రంగూ ఒకటే, కప్పూ ఒకటే, వాసన కూడా ఇంచుమించు ఒకటే. ఒకసారి మా చేతుల్లో కప్పులు తారుమారై పాప ఒక గుక్క మింగేసింది. అప్పటి నుంచి పిల్లలవి వేరుగా కొని, వాళ్ళు తాగాకే పెద్దవాళ్ళవి తెస్తున్నాం. 'ఓనే ఆల్కొహోల్?' అని అడిగి ఖాయం చేసుకోండి.

నగదు దగ్గర పెట్టుకోండి, చిల్లర యూరోలు ముఖ్యంగా. పబ్లిక్ మరుగుదొడ్లకు కూడా చిల్లర కావాలి. అంతకంటే తేలిక, మ్యూజియంలోనో భోజనం చేసిన హోటల్లోనో పిల్లలను తీసుకెళ్ళిరావడం. కుళాయి నీళ్ళు నిశ్చింతగా తాగొచ్చు. ఫ్లాస్కులో వేడినీళ్ళు పోసుకుని బయల్దేరండి.

ఎనిమిదో అడుగు: రెండో రోజు, ఇంకా ఓపిక ఉంటే

కొండమీది కైజర్‌బుర్గ్ కోటకు పగలే ఎక్కండి. ఎక్కుడు రాళ్ళ దారి, తడిస్తే జారుతుంది. లోపల దాదాపు 50 మీటర్ల లోతు బావి ఉంది. చూపించేవాళ్ళు పైనుంచి నీళ్ళు పోస్తారు, చప్పుడు వినిపించేదాకా పిల్లలంతా ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తారు. మోకాళ్ళు సహకరించనివాళ్ళను ఆ సమయంలో రైల్వే మ్యూజియానికి పంపండి. జర్మనీలో తొలి ఆవిరి రైలు 1835 డిసెంబరు 7న నడిచింది ఈ ఊరి నుంచి పక్కనున్న ఫ్యూర్త్‌కే.

ఒంట్లో బాగోకపోతే అత్యవసరానికి 112, డాక్టర్లు మూసేసిన వేళల్లో మామూలు జ్వరానికి 116117. పిల్లల జ్వరం మందు, పెద్దవాళ్ళ బీపీ, షుగరు మందులు ఇంటి నుంచే తెచ్చుకోవాలి, చీటీతో సహా, చేతిసంచిలో.

ఆఖరి అడుగు: సర్దుకోవడం

లేబ్‌కూఖెన్‌ను రేకు డబ్బాలో కొనండి, మెత్తగా నిలవుంటాయి. ప్లమ్ పళ్ళ బొమ్మను అట్టపెట్టెలోనే ఉంచి బట్టల మధ్య పెట్టండి. ఇంటికి చేరాక పొడిచోట ఉంచాలి, తెనాలి వానాకాలం దానికి పడదు.

పానీయం కొన్నప్పుడు కప్పుకు డిపాజిట్ కూడా తీసుకుంటారు, 'ప్ఫాండ్' అంటారు. కప్పు తిరిగిస్తే డబ్బులు వెనక్కిస్తారు. ఏటా కప్పు మీద బొమ్మ మారుతుంది, ఆ ఏడాది అంకె వేసి ఉంటుంది. నచ్చితే తిరిగివ్వకుండా ఉంచుకోవచ్చు, తప్పేం లేదు, డబ్బు కట్టినట్టే. లోపల ఒక ఉన్ని మేజోడు కుక్కి, ఇంకో మేజోడులో కప్పును దూర్చి పెట్టె మధ్యలో పెడితే పగలదు. మా అమ్మ వంటింటి అలమరలో అలా వచ్చిన కప్పులు ఆరున్నాయి. నాన్న కాఫీ రోజూ వాటిలోనే.